చెరువుకి సున్నం, ఎముకకి సున్నం

శ్రోతలందరికీ నమస్కారం.

ఉండి ఊరి దగ్గర రొయ్యల చెరువు చేసే రైతు ఒకాయన మొన్న రక్తపరీక్ష కాగితం పట్టుకొచ్చారు. మూడేళ్ల కిందట భార్య ఇచ్చిన కిడ్నీ బాగానే పనిచేస్తోంది. "మరి ఈ బైకార్బనేటు 17 ఏంటండీ డాక్టరుగారూ?" అన్నారు.

"చెరువులో పీహెచ్ పడిపోయి నీళ్లు ఆమ్లంగా మారితే ఏం చేస్తారు?"

"సున్నం చల్లుతామండి."

"ఆమ్లాన్ని విరిచే బైకార్బనేటు తగ్గి, మీ ఒంట్లోనూ ఆమ్లం పెరిగింది. పైనుంచి చల్లే దిక్కు లేక, ఒళ్లు మీ ఎముకల్లో సున్నాన్నే కరిగించి వాడుకుంటోంది" అన్నాను. ఆయన చెయ్యి మెల్లగా నడుం మీదికి వెళ్లింది.

తిండిలోంచి రోజూ పుట్టే ఆమ్లాన్ని మార్చిన కిడ్నీ ఒక్కోసారి పూర్తిగా బయటికి పంపలేకపోతుంది. ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా కాపాడే టాక్రోలిమస్ మందు కూడా ఆ పనికి కొంత అడ్డుపడుతుంది. దాంతోపాటు వాడే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎముకను పల్చన చేస్తుంది, మొదటి ఏడాది మరీ ఎక్కువగా. అలాగని ఆ మందులు ఒక్క పూట కూడా మానకండి. మానితే కిడ్నీకే ముప్పు.

బైకార్బనేటు 22 కంటే తగ్గితే సాధారణంగా సోడియం బైకార్బనేటు మాత్రలు రాస్తాం. వంటసోడాయే కదా అని ఇంట్లో చెంచాతో కలుపుకు తాగేవాళ్లున్నారు. దయచేసి వద్దు. 500 మిల్లీగ్రాముల మాత్రలోనే దాదాపు 137 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. కొలత లేకుండా తాగితే కాళ్లు వాస్తాయి, బీపీ పెరుగుతుంది. ఈ మాత్రతో కిడ్నీ ఎక్కువకాలం నిలుస్తుందన్న ఆశా పెట్టుకోవద్దు. స్విట్జర్లాండ్‌లో కిడ్నీ మార్పిడి అయిన 240 మందితో రెండేళ్లు చేసిన పరిశోధన 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మాత్ర వాడినా కిడ్నీ పనితీరు తగ్గే వేగం మారలేదు. మేం ఇచ్చేది ఆమ్లాన్ని సరిచేయడానికి.

ఎముక సంగతి ఒక్క ఆమ్లంతో తేలదు. కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్ చూడాలి, అవసరమైతే ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీయాలి. కాలవగట్టు మీద రోజూ నడవండి. నడుం నొప్పని మందుల షాపులో నొప్పి బిళ్లలు మాత్రం కొనుక్కోకండి, అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. కూరగాయలు, పళ్లు ఆమ్లాన్ని తగ్గిస్తాయి, నిజమే. కానీ వాటిలో పొటాషియం ఉంటుంది, టాక్రోలిమస్ వాడేవాళ్లలో అది రక్తంలో పెరగొచ్చు. పొటాషియం పరీక్ష చేయించుకోకుండా కొబ్బరిబొండాలు తాగేయకండి.

లేవబోతూ ఆ రైతు, "మా పెరట్లో పంపరపనస విరగకాసిందండి, రోజూ తింటున్నాను" అన్నారు. మళ్లీ కూర్చోబెట్టాను. ఆ పండు రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచేస్తుంది. కాయలన్నీ ఇరుగుపొరుగుకి పంచేయమని చెప్పి, ఒంట్లో ఆ మందు ఎంతుందో తేలడానికి అప్పటికప్పుడు మళ్లీ రక్తం తీయించాను.