వీడియోల ఫోల్డర్ తెరవగానే ఎక్స్‌ప్లోరర్ క్రాష్ అవుతోందా? ముందు ఇది చూడండి

నమస్తే అండీ. ఈ రోజు బాగా చిరాకు పెట్టే సమస్య ఒకటి చూద్దాం. విండోస్‌లో ఫొటోల ఫోల్డర్ బాగానే తెరుచుకుంటుంది, డాక్యుమెంట్లదీ అంతే. వీడియోలున్న ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేశామంటే చాలు, విండో తెల్లబడిపోతుంది, పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడుతుంది, ఆ తర్వాత విండోనే మాయం. కింద టాస్క్‌బార్ కూడా ఒక్క క్షణం పోయి మళ్లీ వస్తుంది. అది చూడగానే టెన్షన్ మొదలు: హార్డ్ డిస్క్ పోయిందా, వైరస్ వచ్చిందా అని.

టాస్క్‌బార్ ఎందుకు పోతుందో ముందు చెప్పేస్తాను. ఫోల్డర్లు చూపించేదీ, టాస్క్‌బార్‌ను నడిపించేదీ ఒకటే ప్రోగ్రామ్, విండోస్ ఎక్స్‌ప్లోరర్. అది పడిపోతే రెండూ పడిపోతాయి. అంతేగానీ కంప్యూటర్ మొత్తం చెడిపోయిందని కాదు. ఈ మాత్రానికే ఫార్మాట్ కొట్టేసేవాళ్లున్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. దయచేసి ఆ పని చేయకండి.

ఇంతకీ మనం వీడియో ప్లే చేయనే లేదు కదా, ఫోల్డరే కదా తెరిచాం, మరి ఎందుకు క్రాష్ అయింది? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఫోల్డర్ తెరవగానే ఎక్స్‌ప్లోరర్ ఊరికే పేర్లు చూపించి వదిలేయదు. ప్రతి వీడియోలోకీ తొంగిచూసి ఒక ఫ్రేమ్ బయటికి తీసి చిన్న బొమ్మగా, అంటే థంబ్‌నెయిల్‌గా చూపిస్తుంది. వీడియో ఎన్ని నిమిషాలు, సైజు ఎంత అనేవీ చదువుతుంది. ఈ పనికి ఫైల్ రకాన్ని బట్టి వేరే చిన్న చిన్న ప్రోగ్రామ్‌లను పిలుస్తుంది. వాటిలో కొన్ని విండోస్‌తో పాటు వచ్చినవి, కొన్ని మనం ఎప్పుడో వేసుకున్న ప్లేయర్లు, కోడెక్ ప్యాక్‌లు తెచ్చిపెట్టినవి. కోడెక్ అంటే వీడియోను విప్పి చదివే చిన్న ప్రోగ్రామ్, అలాంటివి కొన్ని ఒకే మూటలో వస్తే అది ప్యాక్. క్రాష్ అయ్యేది దాదాపు ఎప్పుడూ ఈ తొంగిచూసే దగ్గరే.

థంబ్‌నెయిల్ తీసే పనిని మామూలుగా విండోస్ కామ్ సరోగేట్ అనే వేరే ప్రాసెస్‌కు అప్పగిస్తుంది. పడితే అదే పడాలి, ఎక్స్‌ప్లోరర్ నిలబడాలి అని. 'కామ్ సరోగేట్ హ్యాజ్ స్టాప్డ్ వర్కింగ్' అనే మెసేజ్ మీరెప్పుడైనా చూసి ఉంటే, అది ఇదే. కానీ కొన్ని ప్రోగ్రామ్‌లు ఈ ఏర్పాటును పక్కనపెట్టి నేరుగా ఎక్స్‌ప్లోరర్‌లోనే వచ్చి కూర్చుంటాయి. రైట్ క్లిక్ మెనూలో తమ పేరు పెట్టుకునేవి కూడా మామూలుగా ఎక్స్‌ప్లోరర్‌లోనే నడుస్తాయి. వాటికి దెబ్బ తగిలితే ఎక్స్‌ప్లోరర్‌కూ తగిలినట్టే.

అందుకే నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే. క్రాష్ సరిగ్గా ఎప్పుడవుతోంది? ఫోల్డర్ తెరవగానేనా, వీడియో మీద రైట్ క్లిక్ చేసినప్పుడా, డబుల్ క్లిక్ చేసి ప్లేయర్ తెరుచుకున్నాకా? తెరవగానే అయితే థంబ్‌నెయిల్ మీద అనుమానం. రైట్ క్లిక్ అయితే మెనూలో చేరిన ప్రోగ్రామ్‌ల మీద. ప్లేయర్ తెరుచుకున్నాక అదే మూసుకుపోతుంటే అది ప్లేయర్ గొడవో, గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవో. ఆ మూడోది ఈ వీడియోలో ముట్టుకోను.

సరే, ఇప్పుడు స్క్రీన్ చూడండి. స్టార్ట్ మెనూలో 'ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్' అని టైప్ చేస్తున్నాను. ఇలా వస్తే ఆ పాడు ఫోల్డర్ దగ్గరికి వెళ్లే పనే లేదు. వ్యూ ట్యాబ్‌లో మొదట్లోనే 'ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్' అని ఉంది. దానికి టిక్ పెట్టి అప్లై కొట్టండి. అదే జాబితాలో 'లాంచ్ ఫోల్డర్ విండోస్ ఇన్ ఎ సెపరేట్ ప్రాసెస్' అనేదానికి కూడా టిక్ పెడితే, ఫోల్డర్ విండో పడినా టాస్క్‌బార్ పోదు. ఇప్పుడు వీడియోల ఫోల్డర్ తెరవండి. క్రాష్ కాకుండా తెరుచుకుందా? అయితే దొంగ థంబ్‌నెయిల్ దారిలోనే ఉన్నాడు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. బొమ్మలు లేకపోతేనేం, పేర్లు చూసి వెతుక్కుంటాం అంటే మీరూ ఆగిపోవచ్చు. నాలాగా రోజూ వందల క్లిప్‌లతో పనిచేసేవాళ్లకు మాత్రం అలా కుదరదు.

ఇప్పుడు రెండు అనుమానాలు. పాడైంది ఒక వీడియోనా, వీడియోలను చదివే ప్రోగ్రామా?

దీనికి సాక్ష్యం విండోస్ దగ్గరే ఉంటుంది. స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని కొట్టండి, 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' వస్తుంది. తేదీలవారీగా ఒక గ్రాఫ్, క్రాష్ అయిన రోజు మీద ఎర్రటి ఇంటూ గుర్తు. ఆ రోజును నొక్కితే కింద విండోస్ ఎక్స్‌ప్లోరర్ పేరు కనబడుతుంది, దాని మీద డబుల్ క్లిక్ చేయండి. ఇందులో మనకు కావలసింది 'ఫాల్ట్ మాడ్యూల్ నేమ్' అనే వరుస. క్రాష్ జరిగినప్పుడు నడుస్తున్న ఫైల్ పేరు అక్కడ ఉంటుంది. ఎక్సెప్షన్ కోడ్ దగ్గర సీ, ఆరు సున్నాలు, చివర 5 ఉంటే, తనది కాని మెమరీలో ఏదో వేలు పెట్టిందని అర్థం.

ఒక్క జాగ్రత్త. మాడ్యూల్ పేరు 'ఎన్‌టీడీఎల్ఎల్' అని కనిపిస్తే వెంటనే విండోస్‌ను తిట్టకండి. అన్ని ప్రోగ్రామ్‌లూ వాడుకునే ఫైల్ అది. తప్పు ఇంకెవరో చేస్తే కూలడం మాత్రం అక్కడ కూలుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టవుతుంది. అలా కాకుండా తెలియని పేరు కనిపిస్తే ఈవెంట్ వ్యూయర్‌కు, అంటే విండోస్ తన లాగ్‌లు చూపించే చోటికి వెళ్లి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ కింద ఈవెంట్ ఐడీ 1000 ఉన్న ఎర్రర్ తెరవండి. అక్కడ ఆ మాడ్యూల్ ఏ ఫోల్డర్‌లో ఉందో పూర్తి దారి రాసి ఉంటుంది. ఆ దారి చూస్తే అది ఏ సాఫ్ట్‌వేర్‌దో చాలాసార్లు తెలిసిపోతుంది.

నా సిస్టమ్‌లో ఒకసారి అలా దొరికింది ఎప్పుడో వేసుకుని మర్చిపోయిన కోడెక్ ప్యాక్. ఏదో పాత ఫార్మాట్ ప్లే కావడం లేదని వేశాను, తర్వాత దాని ఊసే లేదు. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాను, ఆ క్రాష్ పోయింది. మీకు ఒక మాట చెప్పాలి: వీఎల్‌సీ లాంటి ప్లేయర్లు కోడెక్‌లను తమతోనే తెచ్చుకుంటాయి. కాబట్టి వీడియో వీఎల్‌సీలో చక్కగా ఆడుతూ ఎక్స్‌ప్లోరర్ మాత్రం క్రాష్ అవుతోందంటే, విండోస్‌లో విడిగా చేరిన కోడెక్‌ల మీదే ముందు అనుమానపడండి.

పేరు దొరకకపోతేనో, రైట్ క్లిక్ దగ్గర క్రాష్ అవుతుంటేనో 'షెల్‌ఎక్స్‌వ్యూ' అనే ఉచిత టూల్ ఉంది, నిర్‌సాఫ్ట్ వాళ్లది. ఎక్స్‌ప్లోరర్‌కు తోడుగా చేరిన చిన్న ప్రోగ్రామ్‌లను, అంటే ఎక్స్‌టెన్షన్లను, ఇది జాబితాగా చూపిస్తుంది. ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్లు దాచేయమంటే బయటివి మాత్రమే మిగులుతాయి. వాటన్నింటినీ ఎంచుకుని ఎఫ్7 కొడితే డిజేబుల్ అవుతాయి. ఇందాక ఆపిన థంబ్‌నెయిల్స్ తిరిగి ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేసి చూడండి. క్రాష్ ఆగితే, ఇక కొన్ని కొన్ని చొప్పున తిరిగి ఆన్ చేస్తూ రండి. దేని దగ్గర మళ్లీ పడిందో అదే.

బయటి ప్రోగ్రామ్‌లేవీ కాదని తేలితే అప్పుడు ఫైళ్ల వంతు. థంబ్‌నెయిల్స్ ఆపి ఉంచి, సగం వీడియోలను వేరే ఫోల్డర్‌లోకి మార్చండి. ఆ తర్వాత థంబ్‌నెయిల్స్ ఆన్ చేసి రెండూ తెరవండి. క్రాష్ అయిన సగాన్ని మళ్లీ సగం చేయండి. 64 ఫైళ్లున్నా ఆరు విడతల్లో ఒక్కటి మిగులుతుంది. అంత ఓపిక లేకపోతే సగంలో ఆగిన డౌన్‌లోడ్‌లూ, మధ్యలో ఆగిపోయిన రికార్డింగ్‌లూ ముందు పక్కన పెట్టి చూడండి.

థంబ్‌నెయిల్ క్యాష్ (విండోస్ దాచిపెట్టుకున్న పాత బొమ్మలు) క్లియర్ చేయమనీ, కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ నడపమనీ చాలా చోట్ల మొదటి సలహాగా చెబుతారు. చేయండి, నష్టం లేదు. బొమ్మలు తప్పుగా వస్తుంటే మొదటిది, విండోస్ సొంత ఫైళ్లు పాడైతే రెండోది పనికొస్తాయి. బయటి కోడెక్‌ను మాత్రం ఆ రెండూ ముట్టుకోవు.

ఇంకో సందర్భంలో నాకు మిగిలింది ఒక ఎంపీ4 ఫైల్. రికార్డింగ్ మధ్యలో కెమెరా బ్యాటరీ అయిపోయింది. మామూలుగా కెమెరా రికార్డింగ్ ఆపేటప్పుడే ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టికను ఫైల్‌లో రాస్తుంది. ఇది ఆ పట్టిక లేకుండానే ఆగిపోయింది. అలాంటివాటిని డిలీట్ చేయకండి, అదే కెమెరాతో తీసిన మంచి వీడియోను నమూనాగా ఇస్తే పట్టికను తిరిగి కట్టే టూల్స్ ఉన్నాయి. ఈలోపు ఎక్స్‌ప్లోరర్ దాని జోలికి పోకుండా నేను చేసిందల్లా, పేరు చివరి ఎంపీ4 తీసేసి 'పాడైంది' అని పెట్టడం. ఏ ప్రోగ్రామ్‌ను పిలవాలో ఎక్స్‌ప్లోరర్ ఆ చివరి ముక్కను చూసే నిర్ణయిస్తుంది కాబట్టి, ఇప్పుడది దాన్ని వీడియో అనుకోవడం లేదు. ఇదిగో, స్క్రీన్ మీద చూడండి, తెల్ల కాగితం బొమ్మతో అదే ఫోల్డర్‌లో ఉంది, ఫోల్డరూ తెరుచుకునే ఉంది.