ఏడు గ్రహాలు, ఒక ఆకారం: నాభస యోగాలతో స్వభావం చదవడం

సభకు నమస్కారం. జ్యోతిషం నేర్చుకుంటున్నవాళ్లు, ఇప్పటికే నలుగురికి జాతకాలు చూసి చెబుతున్నవాళ్లు ఈ హాల్లో ఎక్కువ మంది ఉన్నారు. అందుకని ఉపోద్ఘాతం పెంచకుండా నేరుగా పనిలోకి దిగుదాం. కాగితం మీద మన పద్ధతిలో పన్నెండు గళ్ల రాశిచక్రం ఒకటి గీసుకోండి. ఎడమ చేతివైపు పై మూల మీనం, దాని పక్కన మేషం, అలా గడియారం తిరిగినట్టు.

ఇవాళ్టి విషయం నాభస యోగాలు. నభస్సు అంటే ఆకాశం. ఏ గ్రహం ఏ రాశికి అధిపతి, ఎవరు ఎవరిని చూస్తున్నారు అనే లెక్కలోకి పోకముందే, ఏడు గ్రహాలూ కలిసి చక్రంలో ఏ ఆకారం గీశాయో చూసి మనిషి తత్వం చెప్పే పద్ధతి ఇది. ప్రాచీన జ్యోతిష్కుడు వరాహమిహిరుడు తన బృహజ్జాతకం అనే గ్రంథంలో ఒక అధ్యాయమంతా దీనికే ఇచ్చాడు. యవనులు, అంటే గ్రీకు సంప్రదాయపు జ్యోతిష్కులు, భేదాలన్నీ కలిపి 1800 చెప్పారని అంటూ, తాను మాత్రం 32కి కుదించాడు.

స్వభావం చదవడానికి ఇన్ని యోగాలుండగా వీటినే ఎందుకు పట్టుకోవాలి? జవాబు ఆ అధ్యాయంలోనే ఉంది. రాజయోగమో ధనయోగమో దాని గ్రహం దశ, అంటే ఆ గ్రహం ఏలే కాలం, వచ్చినప్పుడు ఫలిస్తుంది. నాభస యోగాలు అలా కాదు, అన్ని దశల్లోనూ ఫలం ఇస్తాయని అక్కడ స్పష్టంగా ఉంది. దశ మారినా మారనిదే కదా స్వభావం. ఉద్యోగం ఎప్పుడు వస్తుంది, పెళ్లి ఎప్పుడవుతుంది అని వీటిని అడిగితే చెప్పవు. ఆ ఉద్యోగంలో ఈ మనిషి ఎలా మసులుకుంటాడంటే చెబుతాయి. ఇది శాస్త్ర గ్రంథాలు చెప్పిన మాటే గానీ ప్రయోగశాలలో రుజువైన మాట కాదు. ఎదుటివాళ్లకు చెప్పేటప్పుడు ఈ తేడా దాచకండి.

లెక్కకు ఏడు గ్రహాలే: రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. రాహుకేతువులను వదిలేయాలి. 1962 ఫిబ్రవరి అష్టగ్రహ కూటమి గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అప్పుడు మకరంలో ఎనిమిదో లెక్కగా ఉన్నది కేతువు. నాభస యోగానికి అక్కడ ఉన్నవి ఏడే.

32 యోగాలు నాలుగు జాతులు. మొదటిది ఆశ్రయ యోగాలు, మూడు. గ్రహాలన్నీ చర రాశుల్లో ఉంటే రజ్జువు, స్థిర రాశుల్లో ఉంటే ముసలం, ద్విస్వభావ రాశుల్లో ఉంటే నళం. మీరు గీసిన చక్రం చూడండి. నాలుగు మూలల గళ్లు మీనం, మిథునం, కన్య, ధనుస్సు. నాలుగూ ద్విస్వభావ రాశులే. గ్రహాలన్నీ మూలల్లో నక్కితే నళం. గడియారం తిరిగే దిశలో మూల దాటగానే వచ్చే గడి చర రాశి, మూలకు ముందు గడి స్థిర రాశి. ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే ఆశ్రయ యోగం ఉందో లేదో రెండు క్షణాల్లో తేలిపోతుంది. రజ్జువులో పుట్టినవాడికి ప్రయాణాల మీద మోజు, పరాయి దేశాల మీద మనసు, కాస్త ఈర్ష్య అని చెప్పారు. ముసలం వాడు మానధనుడు, పది పనులు నెత్తిన వేసుకునేవాడు. నళం వాడు నేర్పరి.

రెండోది దళ యోగాలు, రెండు. పుట్టిన వేళ తూర్పున ఉదయించే రాశి లగ్నం, అదే మొదటి ఇల్లు. అక్కడి నుంచి 1, 4, 7, 10 ఇళ్లు కేంద్రాలు. శుభులు (బుధ, గురు, శుక్రులు) కేంద్రాల్లో ఉంటే మాల, పాపులు (రవి, కుజ, శనులు) కేంద్రాల్లో ఉంటే సర్పం. మూడోది ఆకృతి యోగాలు, ఇరవై. గద, శకటం, విహగం, శృంగాటకం, హలం, వజ్రం, యవం, కమలం, వాపి, యూపం, శరం, శక్తి, దండం, నౌక, కూటం, ఛత్రం, చాపం, అర్ధచంద్రం, చక్రం, సముద్రం. ఇవన్నీ లగ్నం నుంచి లెక్కించేవి. నాలుగోది సంఖ్యా యోగాలు, ఏడు. గ్రహాలు ఎన్ని రాశుల్లో సర్దుకున్నాయన్నదే లెక్క. ఒక రాశిలో అయితే గోళం, రెండైతే యుగం, మూడు శూలం, నాలుగు కేదారం, అయిదు పాశం, ఆరు దామిని, ఏడు వీణ.

పడమటి దేశాల్లోనూ ఇలాంటి ఆలోచన ఉంది. అమెరికాలో మార్క్ ఎడ్మండ్ జోన్స్ 1941లో ఏడు ఆకారాలు చెప్పాడు. ఆయన యురేనస్, నెప్ట్యూన్, ప్లూటోలను కూడా కలిపి పది గ్రహాలు తీసుకున్నాడు. మన ఆకృతి యోగాలకు లగ్నమే మొదలు కాబట్టి ఆ రెండింటినీ ఒకే చక్రం మీద కలిపి చదవకండి.

ఇక ఈ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే చోటు చెబుతాను. వజ్ర యోగం నిర్వచనం ఏమిటి? శుభగ్రహాలు లగ్న సప్తమాల్లో, పాపగ్రహాలు చతుర్థ దశమాల్లో ఉండాలి. యవం దీనికి తిరగబడి ఉంటుంది. ఈ రెండింటినీ చెప్పి, వెంటనే వరాహమిహిరుడే అడుగుతాడు: పూర్వశాస్త్రాలను అనుసరించి వజ్రాదులను చెప్పాను, కానీ రవికి నాలుగో ఇంట బుధశుక్రులు ఎలా ఉంటారు? ఆ ప్రశ్న ఆకాశం వైపు చూసి అడిగింది. బుధుడు రవిని విడిచి సుమారు 28 డిగ్రీలు దాటడు. శుక్రుడు 47 దాటడు. అంటే బుధుడు రవి ఉన్న రాశిలోనో పక్క రాశిలోనో ఉండాలి. శుక్రుడు మహా అయితే మూడో రాశి దాకా పోగలడు. నాలుగో రాశికి ఎప్పటికీ పోలేడు. రవి పాపి, బుధశుక్రులు శుభులు. వాళ్లు మూడు రాశుల ఎడంగా, వేరు వేరు కేంద్రాల్లో ఉండాలంటే కుదరదు. కాబట్టి మీ చేతికి వచ్చిన చక్రంలో వజ్రమో యవమో కనిపించిందంటే, ముందు చక్రమే తప్పు వేశారని అనుమానించండి.

ఈ సూత్రాన్ని వరాహమిహిరుడు ఆపిన చోట ఆపకుండా ముందుకు తీసుకెళితే చాలా దొరుకుతుంది. గ్రహాలన్నీ కేంద్రాల్లోనే ఉండాలనే కమలానికి, పక్కపక్క రెండు కేంద్రాల్లో ఉండాలనే గదకు, లగ్న సప్తమాల్లో ఉండాలనే శకటానికి, త్రికోణాల్లో (1, 5, 9 ఇళ్లలో) ఉండాలనే శృంగాటకానికి, అన్నిటికీ రవి బుధ శుక్రులు ముగ్గురూ ఒకే రాశిలో ఉండి తీరాలి. ఆశ్రయ యోగాలకూ అంతే, చర రాశికీ చర రాశికీ మధ్య ఎడం మూడు రాశులు కదా. చక్ర యోగం ఇంకా బిగువు. లగ్నం మొదలు ఒకటి విడిచి ఒకటి ఆరు రాశులూ నిండాలంటే రవి బుధులు ఒకచోట ఉండాలి, శుక్రుడు సరిగ్గా మూడో రాశిలో ఉండాలి, మిగతా నాలుగు గ్రహాలూ ఒక్కోటి ఒక్కో గడిలో పడాలి. కాబట్టి చక్రం తీసుకోగానే మొదట రవి బుధ శుక్రులు ఎక్కడున్నారో చూడండి. ఆ ముగ్గురు ఒకే గడిలో లేకపోతే ఆశ్రయ యోగాలు మూడూ, ఆకృతి యోగాల్లో దాదాపు సగం అక్కడికక్కడే కొట్టేయొచ్చు. బోలెడు పని తగ్గుతుంది.

ఇప్పుడు నిజమైన చక్రం ఒకటి వేద్దాం. 2021 ఫిబ్రవరి 11, శార్వరి నామ సంవత్సరం పుష్య బహుళ అమావాస్య, మనం చొల్లంగి అమావాస్య అనే రోజు. మకరం గడిలో రవి, చంద్రుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని అని రాయండి. మేషం గడిలో కుజుడు. అంతే, మిగతా గళ్లు ఖాళీ. రెండూ చర రాశులు కాబట్టి రజ్జువు. రెండే రాశులు కాబట్టి యుగం కూడా. అంతకు ముందు చంద్రుడు ధనుస్సులో ఉన్నప్పుడు రజ్జువు లేదు, తర్వాత కుంభంలోకి వెళ్లగానే పోయింది. మకరంలో ఆయన ఉన్నది రెండుంబావు రోజులు.

ఆ రోజు సూర్యోదయానికి పుట్టిన బిడ్డను తీసుకోండి. సూర్యోదయానికి రవి ఉన్న డిగ్రీయే లగ్నం. రవి మకరంలో 28 డిగ్రీలు దాటి ఉన్నాడు, కాబట్టి మకర లగ్నం చివరి అంచు. గ్రహాలు లగ్నంలో, చతుర్థంలో పడ్డాయి. పక్కపక్క కేంద్రాలు, అంటే గద. రజ్జువు, గద, యుగం మూడూ ఒకే చక్రంలో కనబడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ ఈ మూడింటినీ వరుసగా ముద్రిస్తుంది. యుగానికి ఫలం ‘ధనహీనుడు, పాషండి’ అని ఉంటుంది. తల్లిదండ్రులు ఆ కాగితం పట్టుకుని వణికిపోతారు. గ్రంథంలో మాత్రం వడపోత ఉంది. ముందు చెప్పిన యోగాలు ఏవీ లేనప్పుడే సంఖ్యా యోగాన్ని తీసుకోవాలి, కాబట్టి యుగం పోయింది. ఆశ్రయ యోగం మరో యోగంతో కలిస్తే ఫలం ఇవ్వదు, కలిసిన యోగమే ఇస్తుంది, కాబట్టి రజ్జువూ పోయింది. మిగిలింది గద. ఎప్పుడూ సంపాదన మీద ధ్యాస, యజ్ఞాలు చేసే బుద్ధి అని దాని ఫలం.

ఇంకో పావుగంట ఆగి పుట్టిన బిడ్డకు కుంభ లగ్నం వచ్చేసింది. అవే గ్రహాలు ఇప్పుడు పన్నెండులో, మూడులో ఉన్నాయి. గద లేదు. కేంద్రాల బయట అన్ని గ్రహాలూ ఉంటే వాపి కదా అని అడుగుతారు. ఆపోక్లిమాలు (3, 6, 9, 12 ఇళ్లు) నాలుగూ నిండితేనే వాపి అని నేను తీసుకుంటాను. అలా తీసుకోకపోతే ఏ చక్రంలోనూ రజ్జువుకు విడిగా చోటే మిగలదు, కావాలంటే పన్నెండు లగ్నాలూ వేసి చూడండి. కాబట్టి ఈ బిడ్డకు రజ్జువు. ఒకే ఆసుపత్రి, ఒకే ఉదయం, పావుగంట తేడా. ఒకరికి సంపాదన ధ్యాస, ఒకరికి ప్రయాణాల మోజు.

అందుకే జన్మసమయం అడగడంలో మొహమాటం వద్దు. ఆశ్రయ, సంఖ్యా యోగాలు గంట అటూ ఇటూ అయినా సాధారణంగా మారవు, చంద్రుడు రాశి మారే వేళ తప్ప. ఆకృతి యోగాలు మాత్రం లగ్నసంధిలో, అంటే ఒక లగ్నం ముగిసి మరొకటి మొదలయ్యే వేళ, నిమిషాల్లో మారతాయి. లగ్నం మొదటి రెండు డిగ్రీల్లోనో చివరి రెండు డిగ్రీల్లోనో ఉంటే రెండు చక్రాలూ వేసి, రెండు ఫలితాలూ చూసుకోండి. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య పుట్టిన పెద్దవాళ్లది అయితే మన దేశంలో అప్పుడు గడియారాలు గంట ముందుకు జరిపి ఉన్నాయని గుర్తుంచుకోండి. అమెరికాలో వేసవిలో పుట్టిన మనవళ్ల జాతకాలకూ అదే చిక్కు. ఆ గంట తీసేయడం మరిచిపోతే లగ్నం సగం రాశి జరిగిపోతుంది. ఇంకొక మాట, ఈ యోగాలకు రాశిచక్రమే చూడాలి, లగ్న డిగ్రీని బట్టి ఇళ్లను విడిగా విభజించే భావచక్రం కాదు.

పేర్ల దగ్గర రెండు తప్పులు ఎక్కువగా జరుగుతున్నాయి. నాభసాల్లో సర్ప యోగం రవి, కుజ, శనులు కేంద్రాల్లో ఉండటం వల్ల వచ్చేది. దీనికీ రాహుకేతువుల మధ్య గ్రహాలన్నీ ఉండే కాలసర్పానికీ సంబంధం లేదు. కాలసర్పం ఈ 32లో లేదు. కాగితం మీద ‘సర్ప’ అని కనిపించగానే శ్రీకాళహస్తికి బయల్దేరదీసేవాళ్లున్నారు. దైవదర్శనానికి వెళ్లడం మంచిదే, భయపెట్టి పంపడం మాత్రం అన్యాయం. రెండోది శకటం. గురుడికి చంద్రుడు ఆరు, ఎనిమిది, పన్నెండింట ఉంటే చెప్పే శకటం వేరు, గ్రహాలన్నీ లగ్న సప్తమాల్లో ఉండే నాభస శకటం వేరు.

ఇక రోజూ మన ముందుకు వచ్చే చక్రాల సంగతి. వాటిలో చాలావరకు ఆకృతి యోగం ఉండదు. గ్రహాలు నాలుగు, అయిదు, ఆరు రాశుల్లో పరుచుకుని కేదారమో, పాశమో, దామినో అవుతాయి. పాశానికి ‘ధనార్జనపరుడు, బంధువులూ పనివాళ్లూ చుట్టూ ఉండేవాడు’ అని ఫలం. ఈ మాట చెప్పి ఊరుకుంటే ఊళ్లో ఎంతమందికో సరిపోతుంది. ఇక్కడే కాస్త ఓపిక కావాలి. ఏడు గ్రహాలు అయిదు రాశుల్లో సర్దుకోవడానికి రెండే దారులు. ఒక గడిలో మూడు, మిగతా నాలుగు గళ్లలో ఒక్కోటి. లేదా రెండు గళ్లలో రెండేసి, మూడు గళ్లలో ఒక్కోటి. మొదటి రకం పాశం వాడి బుద్ధి ఒక్కచోట ముడిపడి ఉంటుంది. రెండో రకం వాడు రెండు పడవల మీద కాళ్లు వేసి నడుపుతాడు. ఇది నా చదువు, గ్రంథంలోది కాదు. దామినిలో అయితే జంట ఒక్కటే ఉంటుంది. వీణలో జంటే ఉండదు.

ఆ గుంపులో ఎవరున్నారో చూడటానికి బృహజ్జాతకంలోనే కొలబద్ద ఉంది: రవి ఆత్మ, చంద్రుడు మనసు, కుజుడు సత్త్వం, బుధుడు వాక్కు, గురుడు జ్ఞానం సుఖం, శుక్రుడు కామం, శని దుఃఖం. దామినికి ఫలం దాతృత్వం, ఇతరుల పనుల మీద శ్రద్ధ. ఆ చక్రంలో ఉన్న ఒకే ఒక్క జంట రవి బుధులైతే ఆ దాతృత్వం మాటసాయంగా, సలహాగా బయటికి వస్తుంది. చంద్ర శనులైతే ఇతరుల కష్టం చూసి తాను కుంగిపోయే సాయంగా వస్తుంది. ఆ జంట ఏ ఇంట్లో ఉంది, స్వక్షేత్రమా (సొంత రాశా), నీచమా (బలహీనపడే రాశా), అస్తంగతమా (రవికి మరీ దగ్గరై కనుమరుగైందా) అన్నవి ఆ తర్వాత చూడాలి.

ఇప్పుడు మీ మీ చక్రాలు తీసి, రవి బుధ శుక్రుల దగ్గర మొదలుపెట్టి, ఎన్ని గళ్లు నిండాయో లెక్కపెట్టండి. ఎక్కడైనా ఆగితే చేయి ఎత్తండి, వచ్చి చూస్తాను.