రెండు కొండలు చుట్టి రావాలంటే ముందు వాగు సంగతి చూసుకోండి

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఈ వారం ఫోన్-ఇన్‌లో విషయం కొండ నడక. ఉదయగిరి ప్రాంతంలో పాతికేళ్ల పాటు బడి పిల్లల్ని వెంటేసుకుని వెలిగొండలు తిరిగిన రిటైర్డ్ మాస్టారు మనతో ఉన్నారు. మొదటి కాల్ వింజమూరు నుంచి. చెప్పండి.

వింజమూరు: నమస్కారం సార్. మేం నలుగురం ఫ్రెండ్స్. మా మేనమామ వాళ్ల ఊరి వెనక రెండు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటెక్కి, పైనుంచే రెండోదాని మీదికి పోయి, అటు నుంచి ఊళ్లోకి దిగాలని మా ఆలోచన. కార్తీకమాసంలో ఒక ఆదివారం పెట్టుకున్నాం. పోయిన ఎండాకాలం ఒక కొండ ఎక్కాం, ఏం ఇబ్బంది కాలేదు.

మాస్టారు: రెండిటి మధ్య కోన ఉందా? వాగు ఎటు పారుతుంది?

వింజమూరు: ఉంది సార్. వాగు ఊరి పక్కనుంచే పోతుంది. మేం పోయినప్పుడు చుక్క నీళ్లు లేవు. దాన్ని దాటినట్టే తెలీలేదు.

మాస్టారు: ఊరు ఏ ఒడ్డున ఉంది?

వింజమూరు: దక్షిణం ఒడ్డున. మా వైపుది అడివి కొండ, చెట్ల కింద బాట ఉంది. వాగు అవతలిది బోడి కొండ, అన్నీ రాళ్లే. పొద్దున చల్లగా అడివి కొండ ఎక్కి, సాయంత్రం బోడి కొండ మీద నుంచి దిగుదామని.

మాస్టారు: ఆ ప్లాన్ తిరగేసుకో నాయనా. నువ్వు చెప్పినట్టు పోతే వాగు దాటాల్సింది ఎప్పుడు? సాయంత్రం, కాళ్లు పీకేటప్పుడు, వెలుతురు పోయేటప్పుడు, ఇల్లు ఎదురుగా కనిపిస్తుంటే. మన నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. కార్తీకం సరిగ్గా అందులోనే ఉంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా కోన పైభాగంలో గంట వాన పడితే చాలు, ఆ నీళ్లన్నీ దిగొచ్చేది ఈ వాగులోకే.

నా అనుభవం చెప్తాను. ఒకసారి నవంబరులో ముగ్గురం పెద్దవాళ్లం ఇలాగే, వాగు చివర్లో దాటే వరసలో చుట్టి వచ్చాం. వాగు దగ్గరికొచ్చేసరికి ఐదయింది. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి, తేటగానే ఉన్నాయి. నీళ్ల అంచున ఒక పుల్ల గుచ్చి, కూర్చుని బూట్లు విప్పుతున్నాం. రెండో బూటు విప్పేలోపు పుల్ల మునిగింది. నీళ్లు ఎర్రబడ్డాయి, ఎండాకులు, నురగ కొట్టుకొస్తున్నాయి. కాసేపటికి అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు, గుడుగుడుమని. ఇక దాటలేదు. తడిసిన బట్టలతో బండ మీద రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. అవతల ఊళ్లో లైట్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ రోజు బూట్లు విప్పకుండా దిగి ఉంటే ఏమయ్యేదో, ఇప్పటికీ తలచుకుంటే చెమట పడుతుంది.

అందుకే పొద్దున్నే వాగు దాటేయండి. బోడి కొండ ముందు ఎక్కండి, అడివి బాటన దిగండి. వానకు తడిసిన బండ ఎక్కేటప్పుడు పెద్దగా ఏడిపించదు, దిగేటప్పుడే జారుతుంది. నాకు తెలిసినవాళ్లలో కాళ్లు విరిగినవాళ్లంతా దిగేటప్పుడు పడ్డవాళ్లే.

వింజమూరు: పొద్దున్నే వాగులో నీళ్లు ఉంటే సార్?

మాస్టారు: మోకాలు దాటి ఉరవడిగా పారుతుంటే ఆ రోజు బోడి కొండ లేదు. అడివి కొండ ఒక్కటీ ఎక్కి, వెళ్లిన దారినే దిగండి. ఇంకో సంగతి, టైమ్ ఎంతనుకున్నారు?

వింజమూరు: మొత్తం పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది సార్. మూడు, మూడున్నర గంటలు.

మాస్టారు: అది రోడ్డు లెక్క. కొండ నడకకు పాత లెక్క ఒకటుంది: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అది మంచి బాట ఉన్న చోట, ఎక్కడా ఆగకుండా నడిస్తే. మొదటి కొండ ఎక్కి, కనుమలోకి దిగి, మళ్లీ రెండోది ఎక్కాలి కదా, ఆ రెండో ఎక్కుడు ఎవరూ లెక్కలో వేసుకోరు. మన కొండల్లో ముళ్ల కంపలు, బోద గడ్డి, దారి వెతుక్కోవడం. పుస్తకం లెక్కకు రెట్టింపు పెట్టుకుంటే ఏడు గంటలు తక్కువ కాదు. మన దగ్గర డిసెంబరులో పగలు పదకొండు గంటల పైన కాస్తంతే. అదే జూన్‌లో దాదాపు పదమూడు. పైగా ఊరు కొండకు తూర్పున ఉంటే సాయంత్రం నాలుగుకే కొండ నీడ పడి కోన చీకటవుతుంది. ఆరింటికల్లా నడక మొదలుపెట్టాలి. పదకొండుకు కనుమలో లేకపోతే రెండో కొండ జోలికి పోవద్దు. చుట్టూ తిరిగే నడకలో ఉన్న చిక్కే అది. సగం దూరం వచ్చాక వెనక్కి పోయినా ముందుకు పోయినా ఒకటే అనిపిస్తుంది. ఒకటి కాదు. వచ్చిన దారి మీకు తెలుసు, ముందున్నది తెలీదు.

యాంకర్: పర్మిషన్ సంగతి మాస్టారూ?

మాస్టారు: రిజర్వు ఫారెస్టు అయితే అటవీ రేంజి ఆఫీసులో అడిగి తీరాలి. పెంచలకోన వైపు అభయారణ్యం కాబట్టి 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. ఎర్రచందనం ఉన్న అడవులివి. బ్యాగులేసుకుని చీకట్లో తిరిగే నలుగురు కుర్రాళ్లను చూస్తే ఎవరికైనా అనుమానమే. ఉదయగిరి దుర్గం కొండ 3,079 అడుగులు. రాయలంతటివాడు సైన్యంతో వచ్చినా ఏడాదిన్నర దాకా చేతికి చిక్కలేదు, 1514లో గానీ లొంగలేదు. ఆ కొండకు మనం ఒక కాగితం, ఒక రోజు కేటాయించడంలో తప్పేం లేదు.

యాంకర్: కందుకూరు నుంచి ఒక అమ్మగారు లైన్లో ఉన్నారు.

కందుకూరు: నమస్కారం సార్. మావాడు రెండు వారాల కింద స్నేహితులతో కొండకు పోయొచ్చాడు. ఐదు రోజుల్నుంచి జ్వరం, తలనొప్పి. మాత్రలేస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఇది కొండకు సంబంధించిందేమోనని టెన్షన్‌గా ఉంది.

మాస్టారు: అమ్మా, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి మచ్చ చూశారా? సిగరెట్‌తో కాల్చినట్టు, పొక్కు కట్టి?

కందుకూరు: నడుం దగ్గర ఉంది సార్, ప్యాంటు బిగించే చోట. నొప్పి లేదు, దురద లేదు అన్నాడు. దెబ్బేమో అనుకున్నాం.

మాస్టారు: నేను డాక్టర్ని కాదమ్మా, కానీ ఫోన్ పెట్టగానే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రేపటి దాకా ఆగొద్దు. ఆ మచ్చ చూపించి, అడవికి పోయొచ్చాడని మీరే చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఉండొద్దు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఉంది. కంటికి కనపడనంత చిన్న నల్లి జాతి పురుగు గడ్డిలో ఉండి కుడుతుంది. నడుము, చంకలు, గజ్జలు, ఎక్కడ బట్ట బిగువుగా ఉంటే అక్కడ. కుట్టిన పది రోజులకు అటూ ఇటుగా జ్వరం మొదలవుతుంది. ముందే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుకు లొంగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా పోతుంది. ఏ మందు, ఎన్ని రోజులనేది డాక్టరే చెప్పాలి. మందుల షాపులో అడిగి వేయకండి.

కందుకూరు: ఇప్పుడే పోతాం సార్.

మాస్టారు: పోండి తల్లీ. మిగతా పిల్లలను కూడా మచ్చలేమైనా ఉన్నాయేమో చూసుకోమనండి. వినేవాళ్లకు కూడా చెప్తున్నా, వానాకాలం, చలికాలం నడకలకు నిండు చేతుల చొక్కా వేసుకోండి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. గడ్డిలో కూర్చోకండి. ఇంటికి రాగానే బట్టలు వేడి నీళ్లలో వేసి స్నానం చేయండి.

యాంకర్: ఒంగోలు నుంచి కాల్.

ఒంగోలు: సార్, పిల్లలకు మే నెలలో సెలవులు. నల్లమలలో ఇలా రెండు మూడు కొండలు నడవాలని ఉంది.

మాస్టారు: వద్దండీ. నాగార్జునసాగర్-శ్రీశైలం మన దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. అందులో సొంతంగా కాలినడకన తిరగడం కుదరదు. దోర్నాల దగ్గర తుమ్మలబైలులో అటవీశాఖ జీపు సఫారీ ఉంది, పిల్లలకు అది చాలు. మే నెలలో మన రాళ్ల కొండలు కూడా వద్దు. పది గంటలకే బండ మీద చేయి ఆనదు, వాగులు ఎండిపోతాయి, ఆకులు రాలి నీడే ఉండదు. జనవరిలో రండి.

యాంకర్: చివరి కాల్ సీతారామపురం మండలం నుంచి. మేకలు కాసే పెద్దాయన.

సీతారామపురం: అయ్యోరా, నమస్కారం. ఆకు రాలే కాలం గురించి మీరు చెప్పలేదు.

మాస్టారు: చెప్పు పెద్దాయనా, నాకంటే నీకే బాగా తెలుసు.

సీతారామపురం: శివరాత్రి దాటితే బాట ఆకుల కింద పోద్ది. పట్నం పిల్లోళ్లు ఎటు చూసినా బాటలాగే ఉందని అటూ ఇటూ పోయి లోయ మీదికి తేలతారు. ఆకులు కాలితో పక్కకు తోసి చూడాల. మేకల పెంటికలుంటే అది బాట. లేకుంటే ఆగిపోవాల. దొనల్లో, అదే రాతి గుంటల్లో, నీళ్లు కూడా అప్పటికి పచ్చగా అయిపోయుంటాయి, మేకలు తాగుతాయి గానీ మనుషులకు పనికిరావు.

మాస్టారు: నేను దొనల్లో మార్చి దాకా నీళ్లుంటాయని పిల్లలకు చెప్పేవాణ్ణి.

సీతారామపురం: ఉంటాయయ్యోరా, తాగకూడదు అంతే. మనిషికి నాలుగు లీటర్లు మోసుకోవాల్సిందే. ఆ నెలల్లో ఇప్పపూవు రాలతది, దాని కోసం తెల్లారక ముందే ఎలుగులు వస్తాయి. ఇప్పచెట్ల కింద మాట్లాడుకుంటా పోవాల, మనిషి వస్తున్నట్టు దానికి తెలియాల. అదే పెద్ద తేనె పట్టిన చరియ కింద అయితే నోరెత్తకూడదు. సెంటు గింటు పూసుకుని రాకూడదు, బీడీ అంటించకూడదు. ఒక్క పొగకే పట్టంతా లేస్తది. గడ్డి అంటుకుంటే ఆ కొండ పోయినట్టే.

మాస్టారు: మీ వైపు ఈ ఏడు పట్లు ఎక్కడ ఉన్నాయి?

సీతారామపురం: కనుమ కింద నల్ల చరియకు. లెక్కపెడితే తొమ్మిది ఉన్నాయి. మేం మేకల మెడ గంటల్లో గుడ్డలు కుక్కి తోలుకుపోతాం ఆ కింద.

యాంకర్: సమయం అయిపోవచ్చింది పెద్దాయనా.

సీతారామపురం: ఒక్క మాటమ్మా. కొండెక్కేవాళ్లని ఊళ్లో ఎవురికో ఒకరికి చెప్పి ఎక్కమనండి. ఎందరు పోతా ఉండారు, ఎటు నుంచి దిగతారు, అంతే. పొద్దుగూకినాక పైన లైటు కనపడితే ఎవురో ఏందో తెలీక, పోయి చూడాల్నో వద్దో తెలీక, మేం తెల్లార్లూ నిద్రపోం.