తవ్వకముందే గని వాలును లెక్కగట్టడం ఎలా?

(తెరపై: గోదావరి లోయలోని ఓపెన్‌కాస్ట్ గని, అంటే నేలను పైనుంచి తెరిచి తవ్వే గని. మెట్లు మెట్లుగా దిగే బెంచీలు.)

2016 డిసెంబరు 29న ఝార్ఖండ్‌లోని రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి, రాళ్లు భారీగా జారిపడి 23 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అందుకే కొత్త గనిని ప్రతిపాదించినప్పుడు, బొగ్గు ఎంత ఉందన్న ప్రశ్నతో పాటు దాని చుట్టూ మిగిలే గోడ నిలుస్తుందా అన్న ప్రశ్నకూ ముందుగానే జవాబు తేలాలి.

(తెరపై: పెట్టెలో పేర్చిన రాతి కోర్, అంటే డ్రిల్లింగ్‌తో నేలలోంచి తీసిన కడ్డీ లాంటి రాతి నమూనా.)

సింగరేణి ప్రాంతంలో బొగ్గు పైన ఎక్కువగా ఇసుకరాయే ఉంటుంది. అయితే గోడ బలాన్ని తేల్చేది చాలాసార్లు ఆ గట్టిరాయి కాదు, దాని నడుమ వేలెడు మందాన దాగిన బంకమన్ను పొర. తడిపి వేళ్ల మధ్య రుద్దితే అది సబ్బులా జారుతుంది. డ్రిల్లింగ్ నీటికి ఆ పొర కొట్టుకుపోయి, పెట్టెలో దాని చోట ఖాళీ మిగలడం కూడా కద్దు. ఆ ఖాళీని ‘నమూనా దొరకలేదు’ అని రాసి వదిలేయడం నా దృష్టిలో పెద్ద పొరపాటు, ఎందుకంటే వెతకవలసిన బలహీనత సరిగ్గా అక్కడే ఉండవచ్చు.

(తెరపై: గని వైపు వాలిన పొర, దానిపై రాతి దిమ్మె.)

ఒక ఉదాహరణ తీసుకుందాం. పొర గని వైపు 15 డిగ్రీలు వాలి ఉందని, బంకమన్ను ఘర్షణ కోణం (రాపిడితో జారుడును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) 20 డిగ్రీలని, అతుకుబలం (మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకునే బలం) ఏమీ లేదని అనుకుందాం. జారకుండా పట్టి ఉంచే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే భద్రతా గుణకం 1.36 వస్తుంది. ఒకటికి పైన ఉంది కనుక గోడ నిలుస్తుంది. వానాకాలంలో పగుళ్లలోకి దిగిన నీరు, పొర మీద పడే బరువులో 30 శాతాన్ని పైకెత్తిందనుకోండి. అదే గుణకం 0.95కు పడిపోతుంది. రాయి మారలేదు, వాలు మారలేదు, నీరు మాత్రమే వచ్చింది. కనుక వేసవిలో కొలిచిన నీటిమట్టంతో చేసిన లెక్కను నమ్మి బెంచీల కోణాన్ని ఖరారు చేయకూడదు. బోర్లలో పీజోమీటర్లు అమర్చి కనీసం ఒక వానాకాలం పాటు నీటి పీడనాన్ని నమోదు చేయాలి.

ఓబీ డంపులకూ, అంటే బొగ్గు పైనుంచి తొలగించి పోసిన మట్టి, రాళ్ల గుట్టలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. వాలిన నేల మీద పోసిన మట్టి, అడుగున తడిసిన పొర మీదుగా మొత్తంగా కదలగలదు.

(తెరపై: గోడను గమనిస్తున్న రాడార్.)

అమెరికాలోని బింగ్‌హామ్ కాన్యన్ రాగి గనిలో 2013 ఏప్రిల్ 10న భారీ కొండచరియ విరిగిపడినా ఒక్కరూ గాయపడలేదు. గోడ కదలికను పరికరాలు ముందే పసిగట్టడంతో కార్మికులను అప్పటికే బయటికి పంపారు. అలాంటి పరికరాలకయ్యే ఖర్చును ప్రతిపాదన దశలోనే అంచనాల్లో చేర్చాలి.