షేర్ మార్కెట్లో వేలం, విరామం, లిక్విడిటీ

శ్రోతలకు నమస్కారం. షేర్ల ధరలు ఒక్కసారిగా కుప్పకూలినప్పుడు అమ్మేవాళ్లు పెరిగిపోయారని అనుకుంటాం. నిజానికి చాలా పతనాల్లో అసలు కొరత కొనేవాళ్లది. ధర పెద్దగా కదలకుండానే ఎక్కువ షేర్లు కొనగలిగే, అమ్మగలిగే వీలునే లిక్విడిటీ అంటారు. అది సన్నగిల్లితే మామూలు అమ్మకానికే ధర జారిపోతుంది. ఆ జారుడు చూసి బెదిరి, కొనడానికి నిలబడినవారు సైతం తమ ఆర్డర్లు రద్దు చేసుకుంటారు. దాంతో ఒడిదుడుకులు మరింత ముదురుతాయి.

ఈ వలయాన్ని తెంచే సాధనాల్లో వేలం ముఖ్యమైనది. నిరంతర ట్రేడింగులో ఆర్డరు వచ్చీరాగానే ఎదురుగా ఉన్న ధరకు కుదిరిపోతుంది. వేలంలో మాత్రం కొంతసేపు ఆర్డర్లన్నీ పోగుచేసి, అత్యధికంగా షేర్లు చేతులు మారగల ఒకే ధరను లెక్కగట్టి, కుదిరిన లావాదేవీలన్నింటినీ ఆ ధరకే పూర్తిచేస్తారు. అనేక ఎక్స్ఛేంజీల్లో ప్రారంభ, ముగింపు ధరలు ఇలాగే తేలుతాయి. అయితే పెద్ద మదుపరులందరూ ముగింపు వేలం కోసమే కాచుకుంటే, మిగతా రోజంతా మార్కెట్ పలచబడే ప్రమాదమూ ఉంది.

మరో సాధనం విరామం, అంటే ట్రేడింగును కొంతసేపు ఆపేయడం. అది ఎలా పనిచేస్తుందో 2010 మే 6న అమెరికాలో కనిపించింది. ఆ మధ్యాహ్నం నిమిషాల వ్యవధిలో డౌ జోన్స్ సూచీ దాదాపు వెయ్యి పాయింట్లు కోల్పోయింది. ఆ సమయంలో షికాగో ఎక్స్ఛేంజీలోని ఒక స్వయంచాలిత నిబంధన ఎస్ అండ్ పీ సూచీ ఫ్యూచర్స్‌ను, అంటే రాబోయే తేదీకి ధరను ముందే ఖాయం చేసుకునే ఒప్పందాలను, కేవలం 5 సెకన్లు ఆపింది. ట్రేడింగ్ తిరిగి మొదలయ్యాక ధరలు నిలదొక్కుకుని, కోలుకోవడం మొదలుపెట్టాయి. అదే సమయంలో అలాంటి అడ్డు లేని విడి షేర్లలో కొన్ని ఒక్క సెంటుకు, మరికొన్ని లక్ష డాలర్లకు చేతులు మారాయి. అలాంటి వేల లావాదేవీలను తరువాత రద్దు చేయాల్సి వచ్చింది.

ఇది విని, ఆపితే చాలు మార్కెట్ కుదుటపడుతుందని అనుకోకూడదు. చైనా 2016 జనవరి 4న కొత్త సర్క్యూట్ బ్రేకర్ తెచ్చింది: సూచీ 5 శాతం కదిలితే 15 నిమిషాల విరామం, 7 శాతం కదిలితే ఆ రోజుకు మూత. తొలిరోజే రెండు హద్దులూ తగిలాయి. జనవరి 7న మార్కెట్ అరగంట కూడా నడవలేదు. లోపం ఎక్కడుందో ఆ అంకెలే చెబుతున్నాయి. విరామం తరువాత మూతకు మిగిలింది 2 శాతమే కావడంతో, తలుపు మూసేలోగా బయటపడాలని అందరూ ఒకేసారి అమ్మకానికి ఎగబడ్డారు. ఒడిదుడుకులను ఆపాల్సిన నిబంధనే లిక్విడిటీని తరిమేసింది. మరుసటి రోజు నుంచే దాన్ని పక్కనపెట్టారు.

అమెరికాలో ఆ హద్దులు 7, 13, 20 శాతంగా ఉన్నాయి. 2020 మార్చిలో నాలుగు రోజులు మొదటి హద్దు తగిలి 15 నిమిషాలు ట్రేడింగ్ ఆగింది. రెండో హద్దు ఒక్కసారీ తగలలేదు. ఆ ఘనతంతా నిబంధనదేనని నేననను. కానీ హద్దుల మధ్య ఎడం ఉంటే కొనేవారికి ఆలోచించే వ్యవధి దొరుకుతుందని నా గట్టి నమ్మకం.

మార్కెట్‌ను ఆపకుండా ఒక వర్గం వ్యాపారులను మాత్రమే తప్పించే నిబంధనలు ఇంకా ప్రమాదకరం. 2008 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఆర్థిక రంగ షేర్ల షార్ట్ సెల్లింగును, అంటే చేతిలో లేని షేర్లను అరువు తెచ్చి అమ్మడాన్ని, తాత్కాలికంగా నిషేధించింది. ఆ షేర్ల కొనుగోలు, అమ్మకం ధరల మధ్య తేడా పెరిగింది, పతనమూ ఆగలేదు. లాభనష్టాలు బేరీజు వేస్తే మళ్లీ అలా చేయబోమని ఆ సంస్థ అప్పటి ఛైర్మన్ క్రిస్టఫర్ కాక్స్ అదే ఏడాది చివర్లో చెప్పారు. సంక్షోభం ఇంకా సాగుతుండగానే ఆ మాట బహిరంగంగా అనడం మెచ్చుకోదగినదని నా అభిప్రాయం.