ఒక్క పొల్లు కోసం నేనే పెట్టుకున్న బటన్ | లిబ్రేఆఫీస్ టూల్‌బార్ రివ్యూ

నమస్తే అండి. డబ్బుల సంగతి ముందే చెప్పేస్తాను. ఈ వీడియోకి నేను ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. కానీ నా చేతిలో ఉన్న ఈ తొమ్మిది మీటల చిన్న ప్యాడ్ మాత్రం ఊరికే వచ్చింది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ ఉంది కదా, చెనాయ్ ట్రేడ్ సెంటర్. అక్కడ నేను ఎప్పటినుంచో కీబోర్డులు, మౌసులు కొనే షాపాయన ఇచ్చాడు. "మేడమ్, మీ తెలుగు టైపింగ్ వాళ్లకి పనికొస్తుందేమో చూడండి. బాగుంటే బాగుందని చెప్పండి, లేకపోతే లేదని చెప్పండి" అన్నాడు. రెండు వారాలు వాడాను. ఇప్పుడు చెబుతాను.

ప్యాడ్ స్పెసిఫికేషన్లు మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. ఒక్కో మీటకి మనకి కావలసిన షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు, అంతే. బ్రాండ్ పేరు కూడా చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బంది ఈ ఒక్క కంపెనీది కాదు. ఈ ప్యాడ్ పుణ్యమా అని నేను లిబ్రేఆఫీస్ రైటర్‌లో, అంటే వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, మెనూలూ బటన్లూ మనకి కావలసినట్టు మార్చుకునే కస్టమైజ్ విండో మళ్లీ తెరిచాను. ఈరోజు ఎక్కువసేపు మాట్లాడేది దాని గురించే.

ముందు స్క్రీన్ మీద ఈ మాట చూడండి. "హైదరాబాద్లో". జూమ్ చేస్తున్నాను. ఏమైంది? ద కింద ల వత్తు వేలాడుతోంది. మనం రాయాలనుకున్నది హైదరాబాద్, దాని పక్కన లో. పొల్లు పొల్లుగా నిలబడాలి, లో విడిగా కనబడాలి. ఇప్పుడు దాని కిందే సరైనది టైప్ చేశాను, "హైదరాబాద్‌లో". రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్, ఫేస్‌బుక్, అన్నిటికీ ఇదే కథ. షాపు బోర్డుల మీద, పెళ్లి కార్డుల మీద, అచ్చయిన పుస్తకాల్లో కూడా ఈ అతుక్కుపోయిన మాటలు కనిపిస్తుంటే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

దీనికి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే పద్ధతిలో, కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంది. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, కోడ్ 200సి. వెడల్పు సున్నా. పొల్లుకీ తర్వాతి హల్లుకీ మధ్య దీన్ని పెడితే ఆ రెండూ కలవవు. రైటర్‌లో 200సి అని టైప్ చేసి ఆల్ట్ ఎక్స్ నొక్కితే ఆ అక్షరం వస్తుంది. ఒకటి రెండు మాటలైతే పర్వాలేదు. మొన్న నేను ఒక కంప్యూటర్ పాఠాల పుస్తకం కంపోజ్ చేశాను. అందులో పేజీకి పది పన్నెండు చోట్ల ఇదే పని. పదో పేజీకే వేళ్లు నొప్పి పుట్టాయి.

ప్యాడ్ చూడగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇదే. ఒక మీటకి ఈ నొక్కుళ్లన్నీ కలిపి పెట్టేశాను. ఇంగ్లిష్ కీబోర్డులో పరీక్షించాను, చక్కగా వచ్చింది. సంతోషంగా ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికకి మార్చి, హైదరాబాద్ దాకా టైప్ చేసి, ప్యాడ్ మీట నొక్కాను. 200సి పడాల్సిన చోట 200మ పడింది! ఎందుకో చూడండి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఇంగ్లిష్ సి ఉన్న మీట మీదే మన మ ఉంటుంది. ప్యాడ్ కంప్యూటర్‌కి పంపేది అక్షరాన్ని కాదు, ఫలానా చోట ఉన్న మీట నొక్కారు అన్న సంగతిని. ఆ మీట అప్పుడు సి అవుతుందా మ అవుతుందా అన్నది విండోస్‌లో ఎంచుకున్న భాష తేలుస్తుంది. రోజంతా తెలుగుకీ ఇంగ్లిష్‌కీ మధ్య తిరిగే మనలాంటి వాళ్లకి ఇది చాలా పెద్ద విషయం. బటన్ పెట్టాల్సింది కీబోర్డు పక్కన కాదు, సాఫ్ట్‌వేర్ లోపల. కర్సర్ ఎక్కడుందో తెలిసేది దానికే, ఏ అక్షరం పెట్టమంటే అది పెట్టగలిగేదీ అదే.

సరే, ఎలా పెట్టుకున్నానో చూపిస్తాను. ముందు చిన్న మాక్రో కావాలి, అంటే ఒక్క నొక్కుతో మన పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్. టూల్స్, మాక్రోస్, ఎడిట్ మాక్రోస్. అక్కడ నాలుగంటే నాలుగు లైన్లు. మొదటిదీ చివరిదీ సబ్, ఎండ్ సబ్. మధ్యలో ఒక లైను కర్సర్ ఎక్కడుందో పట్టుకుంటుంది, ఇంకో లైను అక్కడ 8204 నంబరు అక్షరాన్ని పెడుతుంది. 200సి అన్నది పదికి బదులు పదహారు ఆధారంగా రాసే హెక్సాడెసిమల్ లెక్క, దాన్నే మామూలు లెక్కలో రాస్తే 8204. దీన్ని మై మాక్రోస్ కింద స్టాండర్డ్‌లో సేవ్ చేయండి. డాక్యుమెంట్ లోపల సేవ్ చేయకండి, కారణం తర్వాత చెబుతాను.

ఇప్పుడు టూల్స్, కస్టమైజ్. పైన మెనూస్, టూల్‌బార్స్, కాంటెక్స్ట్ మెనూస్, కీబోర్డ్ అని ట్యాబ్‌లు ఉంటాయి. టూల్‌బార్స్‌కి వెళ్లండి. ఉన్న టూల్‌బార్‌లో ఇరికించకుండా కొత్తది చేసుకోండి. టార్గెట్ పక్కన ఉన్న చిన్న బటన్ నొక్కి యాడ్ అంటే పేరు అడుగుతుంది. నేను "మన పని" అని పెట్టాను. ఎడమ వైపు కేటగిరీలో కిందికి వెళితే మాక్రోస్ ఉంటుంది, అందులో మన మాక్రోని పట్టుకుని కుడి బాణం నొక్కండి. బటన్ వచ్చేసింది. దాని మీద మాడిఫై, రీనేమ్, "పొల్లు". అవును, తెలుగులోనే పేరు పెట్టవచ్చు.

నాకు ప్రాణం లేచొచ్చింది దీని తర్వాత అడుగు దగ్గర. టార్గెట్ పక్కన బటన్‌లోనే టెక్స్ట్ ఓన్లీ అని ఉంటుంది. అది ఎంచుకుంటే బొమ్మలు పోయి మాటలు మాత్రమే కనిపిస్తాయి. ఇదిగో చూడండి నా టూల్‌బార్. "పొల్లు", "రెండు ఖాళీలు ఒకటి చెయ్యి", "కొటేషన్లు దిద్దు". పదహారు చుక్కల బొమ్మలో పొల్లుని ఎవరు గీయగలరు? మాటే మేలు. నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి మొదటి రోజు వచ్చి కూర్చుని, "అక్కా, ఈ పొల్లు బటన్ దేనికి?" అని అడిగింది. ఒక్కసారి నొక్కి చూపించాను. మధ్యాహ్నానికి తనంతట తనే వాడుతోంది. 200సి, ఆల్ట్ ఎక్స్ అని చెప్పి ఉంటే చీటీ రాసి మానిటర్‌కి అంటించుకోవాల్సి వచ్చేది.

టైప్ చేస్తూ చేస్తూ మౌస్ ఎవరు పట్టుకుంటారు అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అదే కస్టమైజ్ విండోలో కీబోర్డ్ ట్యాబ్‌కి వెళ్లి, మీరు వాడని ఫంక్షన్ కీ ఏదైనా ఉంటే దానికి ఇదే మాక్రోని తగిలించండి. టైపింగ్‌లో కీ, ప్రూఫ్ దిద్దేటప్పుడు బటన్. దిద్దేటప్పుడు చెయ్యి ఎలాగూ మౌస్ మీదే ఉంటుంది. అతుక్కుపోయిన లో తర్వాత కర్సర్ పెట్టి, రెండుసార్లు బ్యాక్‌స్పేస్ కొడితే హైదరాబాద్ మిగులుతుంది. పొల్లు బటన్ నొక్కి మళ్లీ లో టైప్ చేయండి.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. నేను చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రెస్సులో పని నేర్చుకున్నప్పుడు అక్కడ వర్డ్ 2003 ఉండేది. అందులో టూల్స్, కస్టమైజ్ విండో తెరిచి ఉన్నంతసేపు ఏ బటన్‌నైనా పట్టుకుని ఎక్కడికైనా లాగేయవచ్చు. బటన్ బొమ్మని చుక్క చుక్కగా మనమే గీసుకునే ఎడిటర్ కూడా ఉండేది. నెల రోజులు కూర్చుని నాకంటూ ఒక టూల్‌బార్ చేసుకున్నాను. ఒకరోజు వైరస్ వచ్చిందని ఎవరో వచ్చి సిస్టమ్ ఫార్మాట్ చేశారు. ఫైళ్లన్నీ కాపీ చేసి పెట్టారు. నా టూల్‌బార్ మాత్రం పోయింది. వర్డ్ ఆ మార్పులని నార్మల్ డాట్ అనే టెంప్లేట్ ఫైల్లో దాచేది. ఆ ఫైల్ సంగతి ఆ వచ్చినాయనకీ తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. ఆ రోజు బాధ ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి ఏ సాఫ్ట్‌వేర్‌లో బటన్ పెట్టినా, అది ఏ ఫోల్డర్‌లో దాక్కుంటుందో ముందు వెతుకుతాను.

తర్వాత వర్డ్ 2007 వచ్చింది, మెనూల స్థానంలో రిబ్బన్, అంటే ట్యాబ్‌లుగా విడగొట్టిన బటన్ల పట్టీ, వచ్చింది. అందులో మౌస్‌తో మనం మార్చుకోగలిగింది పైన ఉన్న క్విక్ యాక్సెస్ టూల్‌బార్ ఒక్కటే. రిబ్బన్‌నే మార్చాలంటే ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే కోడ్ రాయాలి. పాత టెంప్లేట్‌లో చేసిన టూల్‌బార్లు యాడ్ ఇన్స్ అనే ట్యాబ్‌లోకి వెళ్లి కూర్చునేవి. 2010 వెర్షన్‌లో సొంత ట్యాబ్, సొంత గ్రూప్ పెట్టుకునే వీలు ఇచ్చారు. వర్డ్ వాడేవాళ్లు ఈ పొల్లు మాక్రోనే వర్డ్‌కి తగ్గట్టు రాసుకుని క్విక్ యాక్సెస్‌లో మొదటి స్థానంలో పెట్టండి. ఆల్ట్ నొక్కి 1 కొడితే చాలు. అందులో నాకు బాగా నచ్చింది ఎక్స్‌పోర్ట్. మీ మార్పులన్నీ ఒక్క ఫైల్‌గా దించుకుని ఇంకో కంప్యూటర్‌లో ఎక్కించుకోవచ్చు.

లిబ్రేఆఫీస్ మీద నాకు కోపం వచ్చేది సరిగ్గా ఇక్కడే. కీబోర్డ్ ట్యాబ్‌లో సేవ్, లోడ్ బటన్లు ఇచ్చారు. టూల్‌బార్స్ ట్యాబ్‌లో లేవు! 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి మొదలైన ప్రాజెక్టు ఇది, ఇన్నేళ్లలో ఎన్నో మంచివి చేశారు, ఈ ఒక్క బటన్ ఇవ్వడానికి ఏమైంది? కాబట్టి ఫోల్డర్ వెతుక్కోవాల్సిందే. విండోస్‌లో యాప్ డేటా, రోమింగ్, లిబ్రేఆఫీస్, 4, యూజర్. వెర్షన్ ఎంత కొత్తదైనా ఆ ఫోల్డర్ పేరు 4 అనే ఉంటుంది, కంగారు పడకండి. అందులో బేసిక్ ఫోల్డర్‌లో మాక్రోలు, కాన్ఫిగ్ ఫోల్డర్ లోపల టూల్‌బార్లు ఉంటాయి. రైటర్ మూసేసి, యూజర్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఈ వీడియోలో మీరు ఇంకేదీ చేయకపోయినా ఇది మాత్రం చేయండి, దయచేసి.

ఇందాక డాక్యుమెంట్‌లో సేవ్ చేయవద్దన్నాను కదా. టూల్‌బార్‌ని డాక్యుమెంట్ లోపలే దాచే వీలు కూడా ఉంది, స్కోప్ దగ్గర ఫైల్ పేరు ఎంచుకోవాలి. ఫైల్‌తో పాటు టూల్‌బార్ కూడా వెళుతుంది. వినడానికి బాగుంది. కానీ మాక్రో కూడా ఫైల్లోనే ఉంటే, అవతలి కంప్యూటర్‌లో మాక్రో సెక్యూరిటీ మామూలుగా హై మీద ఉంటుంది కాబట్టి అది నడవదు. బటన్ కనిపిస్తుంది, నొక్కితే పని జరగదు. అలా అని సెక్యూరిటీ తగ్గించమని ఎవరికీ చెప్పకండి. మెయిల్‌లో వచ్చే ఫైళ్లతో చాలా ప్రమాదం.

ఇంకోటి, వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌కి వెళ్లి ట్యాబ్డ్ ఎంచుకుంటే చూడ్డానికి రిబ్బన్‌లా అందంగా ఉంటుంది. కానీ సొంత టూల్‌బార్ కావాలంటే స్టాండర్డ్ టూల్‌బార్ రూపమే ఉంచుకోండి. అందం పక్కన పెట్టి నేను అదే వాడుతున్నాను.

మరి ప్యాడ్ సంగతి? తయారీ బాగుంది, మీటలు మెత్తగా ఉన్నాయి. మా తమ్ముడు వీడియో ఎడిటింగ్ చేస్తాడు, పూర్తిగా ఇంగ్లిష్ కీబోర్డు మీదే పని. వాడికి తెగ నచ్చింది, కొనుక్కుంటానంటున్నాడు. తెలుగు టైపింగ్ చేసేవాళ్లు మాత్రం దీనికి డబ్బు పెట్టనక్కర్లేదు. రైటర్‌లో ఫంక్షన్ కీ పెట్టుకున్నాక ప్యాడ్ చేసేది ఆ కీ నొక్కడమే, ఆ పని మన వేలు చేస్తుంది. శనివారం సీటీసీకి వెళ్లినప్పుడు షాపాయనకి తిరిగి ఇచ్చేసి ఇదే మాట చెబుతాను. లిబ్రేఆఫీస్ కస్టమైజ్‌కి మాత్రం నా ఓటు పూర్తిగా ఉంది, ఎక్స్‌పోర్ట్ లేదన్న కోపం ఉన్నా సరే. నేను చేసిన ఆ పుస్తకంలో అతుక్కుపోయిన పొల్లు ఒక్కటి కూడా లేకుండా అచ్చుకి వెళ్లింది.

మాక్రో నాలుగు లైన్లూ కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, కాపీ చేసుకోండి. చేత్తో టైప్ చేసేవాళ్లు నంబరు ఒక్కసారి సరిచూసుకోండి. 8204. పొరపాటున 8205 కొడితే వచ్చేది నాన్ జాయినర్ కాదు, జాయినర్.