మంచు టైర్లు మన ఎండలో ఏమవుతాయి? తొమ్మిది నెలలు వాడాక చెబుతున్నా

అందరికీ నమస్కారం. ముందు డబ్బుల సంగతి చెప్పేస్తా, తర్వాత కామెంట్లలో "అన్నా, ఎంత తీసుకున్నావ్" అని అడిగే పని ఉండదు. ఈ కారుకు ఉన్న నాలుగు టైర్లూ నాకు ఊరికే వచ్చాయి. సిటీలో విదేశీ టైర్లు తెప్పించి అమ్మే ఒకాయన మార్చి మొదటి వారంలో పంపించారు. టైర్లు తప్ప రూపాయి తీసుకోలేదు. వీడియో ముందుగా చూపించమన్నారు, కుదరదన్నాను. టైర్ పేరు సైడ్‌వాల్ (టైర్ పక్క గోడ) మీద మీకే కనబడుతోంది, నా నోటితో మాత్రం చెప్పను. ఎండకూ మంచుకూ ఏడాదంతా పనికొస్తాయని ఇలాంటివాటిని "ఆల్ సీజన్" అని అమ్ముతారు. నాకు అసలు పేచీ ఆ మాటతోనే.

సైజు, లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్ ఇవన్నీ ఎక్కడో చూసే వచ్చుంటారు. లోడ్ ఇండెక్స్ 91 అంటే ఒక్కో టైర్ 615 కిలోలు మోస్తుంది, స్పీడ్ రేటింగ్ హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద లిమిటే 120. ఇక వదిలేద్దాం.

హైదరాబాద్‌లో కూర్చుని మంచు గురించి మాట్లాడటమేంటి అంటారేమో. ఈ చానల్ చూసేవాళ్లలో డల్లాస్, న్యూజెర్సీ, టొరంటో, మ్యూనిక్ నుంచి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడివాళ్లేమో జనవరి వస్తే చాలు, "అన్నా, మనాలికి మన కారులో పోవచ్చా, టైర్ మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంది" అని ఫొటో పంపిస్తారు. ఆ ఎం ప్లస్ ఎస్‌ని నమ్మి నేనే ఒకసారి దెబ్బ తినబోయాను. అది చెప్పాకే ఈ టైర్ దగ్గరికి వస్తా.

పోయిన చలికాలం అక్కావాళ్ల దగ్గరికి మిషిగన్ వెళ్లాను. ఐదు వారాలు. ఒక సాయంత్రం నేనూ అక్కా ఇండియన్ స్టోర్‌కి వెళ్లి వస్తున్నాం. కారు బావది, ఐదేళ్ల పాత సెడాన్, ముందు చక్రాలకే పవర్. రోడ్డు మీద అరంగుళం మంచు, అప్పుడే పడింది, చూడటానికి ముగ్గు పిండి చల్లినట్టుంది. కాలనీ మలుపు దగ్గర స్టాప్ బోర్డు. నేను మహా అయితే నలభైలో ఉన్నా. బ్రేక్ మీద కాలు పెట్టా. కాలికింద ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకును ఆపి ఆపి వేసే ఏర్పాటు) టకటకమంటోంది, కారు మాత్రం తన దారిన తను పోతోంది. స్టాప్ గీత దాటి ఇంకో రెండు కార్ల పొడవు వెళ్లి ఆగింది. అటూ ఇటూ ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది. అక్క పైన హ్యాండిల్ పట్టుకోలేదు, ఒళ్లో ఉన్న ఇడ్లీ పిండి డబ్బా పట్టుకుంది. మూత ఊడింది. ఆ పిండి డ్యాష్‌బోర్డు సందుల్లోంచి తీయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఇంటికొచ్చి ఫోన్ టార్చ్ వేసి టైర్ చదివా. ఎం ప్లస్ ఎస్. మడ్ అండ్ స్నో, బురదా మంచూ. "ఆల్ సీజన్ టైర్లేరా, కొన్నప్పటి నుంచీ ఇవే" అన్నాడు బావ. అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ రెండు అక్షరాలు వేసుకోవడానికి ఏ టైరూ మంచు మీద పరీక్ష పాసవ్వక్కర్లేదు. టైర్ మీదుండే గాళ్ల (గాడుల) ఆకారం, ఖాళీల శాతం ఒక లెక్కకు సరిపోతే తయారీదారే వేసుకోవచ్చు. మన ఊళ్లో ఎన్నో ఎస్‌యూవీ టైర్ల మీద అది కనిపించడానికి కారణం అదే. మనాలి వెళ్లాలని ఫొటోలు పంపే తమ్ముళ్లూ, వింటున్నారా?

చూడాల్సిన గుర్తు వేరే ఉంది. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని మధ్యలో మంచు రేకు. ఇదిగో, నా టైర్ మీద ఇక్కడ. అమెరికా, కెనడా రబ్బరు తయారీదారుల సంఘాలు 1999లో దీన్ని తెచ్చాయి. తొక్కి గట్టిపడిన మంచు మీద టైర్‌ని నిజంగా పరీక్షించి, ఒక ప్రామాణిక టైర్ కన్నా నిర్ణీత మేర ఎక్కువ పట్టు చూపిస్తేనే ఇస్తారు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి మంచు రోడ్ల మీద ఈ గుర్తు లేని టైర్ చెల్లదు, ఒక్క ఎం ప్లస్ ఎస్ చాలదు. కెనడాలో క్యుబెక్ వాళ్లయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి చేశారు, వాటి మీద ఈ బొమ్మ ఉండాల్సిందే.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో తిరకాసు. అక్కడ మామూలుగా "ఆల్ సీజన్" అని అమ్మేవాటిలో చాలావాటికి ఈ బొమ్మ ఉండదు. బొమ్మ ఉండి ఏడాదంతా వాడుకునేవాటిని "ఆల్ వెదర్" అంటారు. యూరప్‌లో అదే సరుకును ఆల్ సీజన్ అంటారు. అంటే మ్యూనిక్ బావమరిది ఫోన్లో "ఆల్ సీజన్ వేయించాను, సూపర్" అంటే విని న్యూజెర్సీలో మీరు అదే మాట చెప్పి కొంటే వేరే వస్తువు వస్తుంది. మాట వినకండి, బొమ్మ చూడండి. మా బావ చేత ఆ వారాంతమే బొమ్మ ఉన్నవి వేయించా. మళ్లీ అదే మలుపు, దాదాపు అంతే మంచు. గీత ముందే ఆగింది. ఈసారి అక్క పిండి డబ్బా డిక్కీలో పెట్టింది, అది వేరే సంగతి.

ఇక ఈ టైర్. దీంట్లో నాకు పిచ్చి పట్టించింది ఈ సన్న గాట్లు. కెమెరా దగ్గరికి తెస్తా. పెద్ద గాళ్లు కాదు, వాటి మధ్య ఉన్న రబ్బరు దిమ్మెల మీద బ్లేడుతో గీసినట్టున్నాయి చూడండి, వీటిని సైప్స్ అంటారు. గోరు పెడితే లోపలికి పోతుంది. గుత్తి వంకాయకు గాట్లు పెడతాం కదా, తొడిమ దగ్గర కలిసే ఉంటుంది, నొక్కితే విచ్చుకుంటుంది. అచ్చం అంతే. టైర్ రోడ్డును తాకినప్పుడు దిమ్మె కొద్దిగా వంగి ఈ గాట్లు విచ్చుకుంటాయి, ప్రతి గాటు అంచూ మంచును గీరి పట్టుకుంటుంది. పెద్ద గాళ్ల పని ఇంకా తమాషాగా ఉంటుంది. వాటిలోకి మంచు ఎక్కి గట్టిపడుతుంది. తడి బియ్యప్పిండి చేత్తో నొక్కితే ముద్దవుతుంది చూడండి, మంచు కూడా మంచుకే బాగా అతుక్కుంటుంది. కాబట్టి గాళ్లలో నిండిన మంచే కింద ఉన్న మంచును పట్టుకుంటుంది. మామూలు ఎండాకాలపు టైర్ రబ్బరు ఏడు డిగ్రీల కిందికి వెళ్లేసరికి బిగుసుకుపోతుంది, దానికి ఇంత పట్టు రాదు. దీని రబ్బరు చలిలోనూ మెత్తగా ఉండేలా కలుపుతారు.

ఆ మెత్తదనమే హైదరాబాద్‌లో నా భయం. మన చలికాలం ఏడు డిగ్రీలకు దిగడమే అరుదు. మేలో నలభై దాటాక తారు రోడ్డు మీద చెప్పులు లేకుండా నిలబడి చూడండి, టైర్ బాధ తెలుస్తుంది. గాట్లు పెట్టిన మెత్తటి దిమ్మె ఆ వేడిలో అటూ ఇటూ ఊగుతుంది. ఓఆర్ఆర్ మీద వందలో వెళ్తూ లేన్ మారితే మొదటి వారమంతా నాకు స్టీరింగ్ అర సెకను ఆలస్యంగా వింటున్నట్టు అనిపించింది. పాత టైర్లు అలా ఉండేవి కావు. కొత్త డిజైన్లలో గాటు లోపలి గోడలు వంకర్లుగా చేస్తారు, బ్రేక్ కొట్టినప్పుడు ఒకదానికొకటి ఆనుకుని దిమ్మెను నిలబెట్టడానికి. పనిచేస్తుంది, కానీ పూర్తిగా కాదు. అరుగుదల చెప్పాలంటే కొత్తలో గాడి లోతు ఎనిమిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. పద్నాలుగు వేల కిలోమీటర్లకు ముందు చక్రాలు ఐదు చిల్లర. నా పాత సెట్ ఇంత తొందరగా అరగలేదు.

ఆ వేడి మాటలోనే ఒకటి చెప్పాలి, ఏ టైర్‌కైనా ఇదే. మా వీధి చివర పంక్చర్ షాప్‌లో ఏప్రిల్ వస్తే చాలు, "ఎండాకాలం కదా సార్, రెండు పాయింట్లు తగ్గిస్తున్నా, లేకపోతే పేలుద్ది" అంటాడు. పాయింట్ అంటే గాలి ఒత్తిడి కొలిచే పీఎస్ఐ. వద్దన్నా తగ్గిస్తాడు. ప్రేమతోనే లెండి. కానీ గాలి తగ్గితే సైడ్‌వాల్ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ లోపల వేడి పుడుతుంది, టైర్ పేలేది ఎక్కువగా ఆ వేడికే. పొద్దున్నే బండి తీయకముందు, డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఎంత ఉంటే అంత కొట్టించండి, చాలు. చలి దేశాల్లో ఉన్నవాళ్లకు దీనికి తిరగేసిన లెక్క. అయిదారు డిగ్రీలు పడిపోతే దాదాపు ఒక పాయింట్ గాలి తగ్గుతుంది. అక్టోబరులో కొట్టించి జనవరి దాకా వదిలేస్తే లోటు తెలియకుండానే వస్తుంది.

చప్పుడు. దీని మీద నాకు మంట. డెబ్బై ఎనభై మధ్య ఒక గుంయ్ మనే మోత. పీవీ ఎక్స్‌ప్రెస్ వే మీద మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైన, పక్కన తేనెటీగల పట్టును కూర్చోబెట్టుకుని వెళ్లినట్టుంది. సిమెంట్ రోడ్డు మీద ఇంకా ఎక్కువ. అలైన్‌మెంట్ చేయించా, బ్యాలెన్సింగ్ చేయించా, ముందువి వెనక్కి మార్చా. పోలేదు. మా ఆవిడ పాటల సౌండ్ పెంచింది, సమస్య తీరిపోయింది అంది. నాకు తీరలేదు.

ఇంతవరకు విని "అయితే తీసేయ్ అన్నా" అంటారు. నేనూ జూన్‌లో తీసేద్దామనే అనుకున్నా. అంతలో వానలు వచ్చాయి.

ఒక రాత్రి పదకొండు దాటాక గచ్చిబౌలి నుంచి షేక్‌పేట వైపు వస్తున్నా. మన వాన సంగతి తెలిసిందే, ఇరవై నిమిషాల్లో రోడ్డు చెరువు. 2020 అక్టోబరు వరదలు చూసినవాళ్లం, వాన పడితే గుండెలో ఒక మూల టెన్షన్ మొదలవుతుంది. ముందు ఆటో ఒక్కసారిగా ఆగింది, గుంట కనిపించి ఉంటుంది. బ్రేక్ కొట్టా. మిషిగన్ మలుపు కళ్ల ముందు తిరిగింది. కారు ముక్కు వంచి గీత గీసినట్టు నిలబడింది. ఏబీఎస్ ఒక్కసారి టక్ అంది, అంతే. ఆ తర్వాత వానలన్నీ నేను కావాలనే బండి తీసి తిరిగాను. ఈ వీ ఆకారపు గాళ్లు నీళ్లను మధ్యలోంచి పక్కలకు తోసేస్తాయి, గాట్లు మిగిలిన తడిని చీలుస్తాయి. నీళ్ల మీద టైర్ తేలిపోయినట్టయి స్టీరింగ్ ఒక్కసారిగా తేలికవుతుంది చూడండి, మామూలు వేగాల్లో నాకది ఒక్కసారి కూడా అనిపించలేదు. పాత టైర్లతో కేబీఆర్ పార్కు చుట్టూ వానలో వెళ్తుంటే ప్రతి మలుపులో ప్రాణం అరచేతిలో ఉండేది. ఒక్కటి నిజాయతీగా చెప్పాలి. ఆ పాతవి అప్పటికే అరిగి అరిగి గుండు అయ్యే దశలో ఉన్నాయి. గాళ్ల మధ్య చిన్న దిమ్మె గుర్తు, 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, దానికి దగ్గర్లో. కాబట్టి ఈ పోలికలో కొంత అన్యాయం ఉంది. మంచి గాళ్లున్న మామూలు టైర్ కూడా మన వానకు బాగానే ఆగుతుంది. ఈ మాట టైర్లు పంపినాయనకు నచ్చదు.

అయినా నేను వీటిని తీయడం లేదు. లెక్క ప్రకారం తీసేయాలి. చప్పుడుంది, అరుగుతోంది, ఈ ఊళ్లో మంచు పడదు. కానీ ఆ రాత్రి ఆటో వెనక ఆగిన తీరు నా కాలికి గుర్తుంది.

మీరు సొంత డబ్బుతో హైదరాబాద్‌లో కొంటున్నారా? వద్దు. ఆ డబ్బుతో తడిలో మంచి పట్టున్న మామూలు టైర్లు తీసుకోండి, తయారీ తేదీ చూసి మరీ. సైడ్‌వాల్ మీద చివరి నాలుగు అంకెలు, 1425 అంటే 2025లో పద్నాలుగో వారం. షాపువాడు "కొత్త స్టాకే సార్" అంటే నవ్వి వంగి చదవండి. నేనొకసారి వంగకుండా మూడేళ్ల పాతవి ఇంటికి తెచ్చుకున్నా.

చికాగో, టొరంటో, మ్యూనిక్ వాళ్లు బొమ్మ ఉన్నవే తీసుకోండి, నాలుగూ ఒకేసారి. రెండే వేయిస్తే, అవీ ముందు చక్రాలకు వేయిస్తే, మంచులో ముందుభాగం ఆగుతుంది, వెనకభాగం మీకన్నా ముందు ఇంటికి బయల్దేరుతుంది. "మాది ఆల్ వీల్ డ్రైవ్ అన్నా" అనేవాళ్లకు: అది కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి అందరికీ ఉన్నవి అవే నాలుగు టైర్లు. ఏడాదిలో నెలల తరబడి మంచు కిందే ఉండే ఊరైతే అసలైన చలికాలపు సెట్ విడిగా ఉంచుకోండి. డల్లాస్ వాళ్లు 2021 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోండి, రోడ్డంతా గడ్డకట్టిన ఐసు. ఐసు మీద ఈ బొమ్మ కూడా పెద్దగా కాపాడదు, ఆ గుర్తుకు పెట్టే పరీక్ష తొక్కిన మంచు మీద. అలాంటి రోజు కారు తాళం బావ చేతికిచ్చి ఇంట్లో ఉప్మా చేసుకోవడమే.

మనాలి బ్యాచ్, మీకు వేరే వీడియో చేస్తా. ఈలోపు చెయిన్లు కొనుక్కుని, ఇంటి దగ్గరే ఒకసారి చక్రానికి బిగించి ప్రాక్టీస్ చేయండి. మనాలి దగ్గరి అటల్ టన్నెల్ ముందు చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే నేర్చుకునే పని కాదది.

కామెంట్లలో కారు పేరు ఒక్కటే రాసి "ఏ టైర్ మంచిది" అని అడగకండి, ఒకే కారు వేర్వేరు వేరియంట్లలో వేర్వేరు సైజులతో వస్తుంది. సైడ్‌వాల్ మీదున్న అంకెలు, ఏ ఊళ్లో తిరుగుతారో, నెలకు ఎన్ని కిలోమీటర్లో రాయండి. ఆదివారం కూర్చుని జవాబులిస్తా. ఈ టైర్లు పంపినాయన స్టెప్నీకి ఐదోది పంపలేదు, ఆయన కూడా ఇది చూస్తున్నారని తెలుసు.